తడవని సంచి, తీరని అలక

మరిపెడ,
5 జులై 1962.

పూజ్యులైన మామగారి పాదాలకు అల్లుడు సారంగపాణి నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. మీరు, అత్తమ్మ, కళావతి క్షేమమని తలుస్తాను. మీ కాలంలో బడంతా ఉర్దూలో సాగింది గనుక ఈ ఉత్తరం కళావతే మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. అందుకే ఆమెకు విడిగా ఏమీ రాయడం లేదు. రాయాలని లేక కాదు.

గ్రామసేవక్ ఉద్యోగమంటే పేరుకు సేవ, పనికి సైకిలు. మొన్న ఎల్లంపేట నుంచి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. నా గుడ్డసంచిలో ఉన్న విత్తనాల అప్పు దరఖాస్తులన్నీ నాని ఒకే ముద్దయ్యాయి. ఒకరి వేలిముద్ర ఇంకొకరి పేరు కిందికి జారింది. మా బి.డి.ఓ. గారు ఆ ముద్దను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని మీటింగులో అందరికీ చూపించి, "ఇందులో రైతు ఎవరు, ఎరువు ఎవరు?" అని అడిగారు. ఇంకొకసారి కాగితాలు తడిస్తే నన్ను ఏటూరునాగారం అడవులకు బదిలీ చేయిస్తానన్నారు. అదే జరిగితే కొత్త కాపురానికి కళావతిని అక్కడికి ఎలా తీసుకుపోవాలో నాకు తోచడం లేదు.

కనుక మీరొక సాయం చేయాలి. వరంగల్ చౌరస్తాలో సైకిలు సామాన్లు అమ్మేచోట రబ్బరు పూత వేసిన కాన్వాసు సంచులు దొరుకుతాయట. ఒకటి కొని బస్సులో పంపండి. ఖర్చు నాదే. భుజం మీది నుంచి అడ్డంగా వేసుకునే పట్టీ ఉండాలి. హ్యాండిలుకు తగిలించేదైతే చక్రంలో పడుతుంది. మూత నోటి మీదికి బాగా దిగాలి. పెద్ద కాగితం మడత పడకుండా పట్టాలి. నల్లదైతే చాలు.

పెళ్ళిలో నేనేమీ అడగలేదు. ఇప్పుడు ఇది అడుగుతున్నందుకు మరోలా అనుకోవద్దు. ఆషాఢం పోగానే శ్రావణంలో మంచిరోజు చూసి కళావతిని పంపండి. సమ్మమ్మ గారి ఇంట్లో గది తీసుకున్నాను. పొయ్యి కూడా వేయించాను.

మీ అల్లుడు,
సారంగపాణి.

తా.క. గట్టిగా ఉండి, నీళ్ళు లోపలికి రానివ్వనిదైతే చాలు. ఇంతకన్నా తేలికైన కోరిక ఏ అల్లుడూ కోరి ఉండడు.


కొత్తవాడ, వరంగల్,
8 జులై 1962.

చిరంజీవి అల్లుడు సారంగపాణి గారికి మామ వెంకట్రాజం ఆశీర్వదించి రాయించేది. మేమందరం మంచిగున్నం. నేను చెప్తాన, కళావతి రాస్తాంది. ఆషాఢంల కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కొద్దన్నరు, మొగుడు పెండ్లాం ఒకరి మొఖం ఒకరు చూడొద్దన్నరు. ఉత్తరం రాయొద్దని ఎవ్వరనలె.

మీ ఉత్తరం చదివిచ్చుకుంటే నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇన్ని దినాలకు అలిగిండు నా అల్లుడు. పెండ్లిల బువ్వం కాడ అల్లుడన్నంక అలగాలె. ముద్ద ముట్టనని మొఖం తిప్పుకోవాలె. మామ బతిలాడాలె, ఏదన్న చేతుల పెట్టాలె. అదొక ముచ్చట. మీరేమొ నాకేం వద్దని గబగబ తిని చెయ్యి కడుక్కున్నరు. ఆనాటి నుంచి నా బామ్మర్ది పోశయ్య నన్ను వాడకట్టుల నిలబడనిస్తలేడు. "అడిగినా ఇయ్యడని ఎరుకై పిలగాడు అడుగనే లేదు" అంటడు. 'పెళ్ళిలో నేనేమీ అడగలేదు' అని మీరు రాసిన ముక్కను వాన్ని కూసోబెట్టి రెండుసార్లు చదివిచ్చిన. వాని మొఖం మాడిపోయింది.

ఇగ సంచి ముచ్చట. కొత్తవాడల జంపఖానాలు నేసేటోని అల్లుడు చౌరస్తాల సంచి కొనుక్కున్నడంటే రేపు నా దుకాణం మెట్లు ఎవ్వడన్న ఎక్కుతడా? అందుకని మీ ఉత్తరం వచ్చిన పూటనే మగ్గం ఎక్కిచ్చిన. జంపఖానా సంచి. ఎర్ర పట్టీలు, పచ్చ పట్టీలు, నడుమ జోడు నెమళ్ళు. నల్లదైతే చాలన్నది మీ మొహమాటమని నాకు తెల్వదా? నేత ఎంత చిక్కగున్నదంటే, చెంబెడు నీళ్ళు పోసి కింద చెయ్యి పెట్టిన. నేను శివ శివ అనుకునేదాక చుక్క కారలె.

రేపటి బస్సుకు ఏస్తాన. ఫికర్ చెయ్యకుండ్రి.

మీ మామ,
వెంకట్రాజం.

తా.క. శివ శివ అని ఒక్కసారే అన్నడు నాన్న. నెమలి కండ్లు నేను కుట్టిన. - క.


మరిపెడ,
14 జులై 1962.

పూజ్యులైన మామగారికి అల్లుడు సారంగపాణి నమస్కారాలు. సంచి అందింది. బస్సు మీద నుంచి ఇద్దరు దింపారు. గ్రామసేవక్ గారు పెళ్ళి పందిరి సామాను కిరాయికి ఇచ్చే వ్యాపారం పెడుతున్నారని మరిపెడ అంతా అనుకుంటున్నది.

నేత గొప్పగా ఉంది. నెమళ్ళు సజీవంగా ఉన్నాయి. ముఖ్యంగా కళ్ళు. కానీ మామగారూ, నేను అలగలేదు. నిజంగా కాగితాలు తడుస్తున్నాయి గనుక అడిగాను. ఆ ముక్క ముందు చెప్పి మిగిలింది చెప్తాను.

సంచిని ఎడమ భుజానికి వేసుకుంటే సైకిలు ఎడమకే పోతున్నది. తానంచర్ల పోవలసిన వాణ్ణి ఒకరి పత్తి చేనులో తేలాను. వాన వచ్చినప్పుడు మీరన్నట్టు మొదట చుక్క కూడా కారలేదు. అది తాగుతున్నదని తర్వాత తెలిసింది. కడుపు నిండా తాగింది. వాన వెలిసి, ఎండ వచ్చి, నేను ఇల్లు చేరి, సంచిని కొక్కానికి తగిలించిన మరునాడు కూడా గదిలో వాన పడుతూనే ఉంది. తడిసిన సంచిని మోసుకుంటూ ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు నన్ను దిగమన్నది, దిగాను.

అసలు కష్టం ఎర్ర పట్టీతో వచ్చింది. రంగు దిగి ప్రతి దరఖాస్తు మీదా అడ్డంగా ఒక గీత పడింది. మా ఆఫీసు గుమాస్తా గారు ఎర్రగీత కనపడితే చాలు, నామంజూరు కట్టలో వేస్తారు. ఎల్లంపేట రైతులందరికీ అప్పు నామంజూరైంది. వాళ్ళు నన్ను వెతుకుతున్నారు. ఇప్పుడు నేను ఆ దారిన పోవడం లేదు.

దయచేసి చౌరస్తాలో దొరికే ఆ నల్లసంచి ఒకటి పంపండి. మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

మీ అల్లుడు,
సారంగపాణి.

తా.క. తానంచర్ల సర్పంచ్ గారు మీ సంచిని చాలా మెచ్చుకున్నారు. పంచాయితీ మీటింగులో దాన్ని పరిచి దాని మీదే కూర్చున్నారు. నేను కాగితాలు చేత పట్టుకొని నిలబడ్డాను.


కొత్తవాడ,
17 జులై 1962.

అలిగిన అల్లుడు సారంగపాణి గారికి మామ వెంకట్రాజం ఆశీర్వదించి రాయించేది. మేం మంచిగున్నం. మీరు గూడ మంచిగనే అలిగిండ్రు. నాకు మస్తు సంతోషమైంది.

మొదలు ఇచ్చింది వద్దనుడు అల్లునికి మర్యాద. నా పెండ్లిల మా మామ గొంగడి ఇస్తే నేను మొఖం మీదనే వద్దన్న. దుప్పటి ఇస్తే వద్దన్న. మీ అత్త రాజక్క ఇయ్యాలటికి ఆ ముచ్చట చెప్పి నన్ను దెప్పుతది. మీరు అంతకన్న నాలుగు ఆకులు ఎక్కువనే చదివిండ్రు. సైకిలు ఎడమకు పోయింది, ఎర్రగీత పడ్డది, ఇంత సొంపుగ అలగ నాకు గూడ రాలె.

నిన్న కులపెద్దలు వచ్చిండ్రు. మీ ఉత్తరం చదివిచ్చిన. అందరొక్క మాట అన్నరు. అల్లుని అలక తీరకుండ పిల్లను పంపుడు మన ఇంట లేదు, అది ఆడపిల్లకు మంచిది కాదు అన్నరు. సంతోషమైంది అని అల్లుడు తన చేత్తోని రాసియ్యాలె, ఆ తెల్లారే పిల్ల బస్సెక్కాలె. గందుకని శ్రావణమొచ్చినా మీ మాట రానిది కళావతి రాదు. దీంట్ల నా చేతుల ఏం లేదు. పెద్దల మాట.

రెండో సంచి తయారైంది. రంగులు లేవు. రెండు పొరలు, నడుమ లారీల మీద కప్పే తాట్‌పత్రి. పైనుంచి మైనం, మైనం మీద అవిశె నూనె, దాని మీద డాంబర్. నీళ్ళు నింపి దూలానికి ఏలాడగట్టిన. పొద్దుమూకేదాక చుక్క బయటికి రాలె. బయటికి రాని నీళ్ళు లోపలికెట్ల పోతయి? ఇగ మీ బి.డి.ఓ.ను ఎంత వానైనా పొయ్యమనుండ్రి.

మీ మామ,
వెంకట్రాజం.

తా.క. ఎండల పెట్టకుండ్రి. నేను చెప్పిన, నాన్న వినలె. దూలం కింద జారి పడ్డ అమ్మ గూడ చెప్పింది. - క.


మరిపెడ,
21 జులై 1962.

మామగారికి,

నమస్కారాలు. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నా చొక్కా సంగతి వినండి.

సంచి వేసుకొని బయలుదేరినప్పుడు మబ్బుగా ఉంది. మరిపెడ దాటాక ఎండ కాసింది. ఎండకు మీ డాంబరు మేలుకుంది. గిరిపురంలో రైతులను కూడేసి జపాను పద్ధతిలో వరి సాగు గురించి చెప్పాలి. సైకిలు దిగి సంచి తీయబోతే నా వీపు కూడా వచ్చేట్టుంది. అట్లాగే నిలబడి చెప్పాను. నారు వరుసల్లో నాటాలి అని చెప్పేటప్పుడు చెయ్యి చాపి చూపించాలి. చెయ్యి లేవలేదు. ముసలి రైతు ఒకాయన "జపానోళ్ళు ఇట్లనే నిలబడతరా సారూ?" అని అడిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు వాన. మూత మీరు చాలా కురచగా పెట్టారు. నోట్లోంచి నీళ్ళు లోపలికి పోయాయి. మీరన్నది నిజం మామగారూ, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. కుంటను మెడకు కట్టుకొని ఆఫీసు చేరాను. బి.డి.ఓ. గారి బల్ల మీద కాగితాలు తీయబోయి, వీపుకు అంటిన సంచితోనే వంగాను. బల్ల మీద ఆయన ఫైళ్ళు, ఆయన అన్నం డబ్బా, ఆయన కొత్త కళ్ళజోడు ఉన్నాయి. తర్వాత నేల మీద ఉన్నాయి. ఇదే ఆఖరు హెచ్చరిక అని రాసి ఇచ్చారు. ఆ హెచ్చరిక కాగితం కూడా తడిసే ఉంది.

సైకిలు దుకాణం కట్టయ్య కిరసనాయిలు పోసి నన్నూ సంచినీ విడదీశాడు. చొక్కా సంచికే పోయింది.

మామగారూ, చేతులెత్తి చెప్తున్నాను. నేను అలగలేదు. ఎన్నడూ అలగలేదు. నాకు అలగడం రాదు, మా ఇంట్లో ఎవరికీ రాదు. ఒక నల్లసంచి అడిగితే కులపెద్దలను కూర్చోబెట్టి నా భార్యను ఆపడం ఏం న్యాయం? నాకు కళావతి కావాలి. వంట చేసుకొని ఒక్కణ్ణే తింటుంటే ముద్ద దిగడం లేదు. పెళ్ళయిందో లేదో నాకే అనుమానం వస్తున్నది.

సారంగపాణి.

తా.క. పైన చివరి నాలుగు వాక్యాలు చదివేటప్పుడు అత్తమ్మ దగ్గర లేకుండా చూడగలరు.


కొత్తవాడ,
24 జులై 1962.

మా ఇంటి అల్లుడు సారంగపాణి గారికి మామ వెంకట్రాజం దీవెనలు.

'నేను అలగలేదు' అనే మాట అలిగిన ప్రతి అల్లుడూ అంటడు. అది అనకుంటే అలక పూర్తి కాదు. మీ ఉత్తరం విని కులపెద్దలు కడుపులు పట్టుకున్నరు. పోశయ్య అయితే "బావా, నీకు దొరికిండు ఒక అల్లుడు" అని లేచి నా చెయ్యి పట్టుకున్నడు. ఇరవై ఏండ్లల్ల వాడు నా చెయ్యి పట్టుకున్నది అదొక్కసారే.

మూడో సంచి రేపు వస్తది. మూత కురచైంది అన్నరు గదా, ఈసారి మూత గుడిసె కప్పు తీరుగ దించిన. లోపల వెదురు బద్దలు పెట్టిన, సంచి సైకిలు మీద నిలబడే ఉంటది. డాంబర్ తీసేసిన, మైనం దట్టంగ పట్టిచ్చిన. ఇది గూడ నచ్చకుంటే నాలుగోది చేస్త, అయిదోది చేస్త. మగ్గం మనదే, నూలు మనదే, అలిసేది లేదు. మీరు సంతోషమైంది అని రాసేదాక నేను నేస్తనే ఉంట. దసరా దాక అలిగినా సరే.

మీ మామ,
వెంకట్రాజం.

తా.క. అమ్మ పక్కనే ఉన్నది. చదివేది నేనే గదా, ఎట్ల దాస్త? ఆ నాలుగు వాక్యాలు మళ్ళ మళ్ళ చదివిచ్చుకున్నది. పక్కింటి సారలమ్మను గూడ పిలిచింది. - క.


మరిపెడ,
28 జులై 1962.

పరమ పూజ్యులు, కొత్తవాడకే అలంకారమైన మామగారి పాదపద్మాలకు అల్లుడు సారంగపాణి సాష్టాంగ నమస్కారాలు చేసి ఆనందంతో వ్రాసుకొను విన్నపము.

మూడో సంచి అందింది. నా అలక తీరింది. నా చేత్తో రాస్తున్నాను, నాకు సంతోషమైంది. కులపెద్దలకు ఈ వాక్యం చదివి వినిపించండి, కావాలంటే మళ్ళీ రాస్తాను. నాకు సంతోషమైంది.

ఇటువంటి సంచి నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. కుండపోత వానలో ఊళ్ళన్నీ తిరిగాను. లోపల ఒక్క చుక్క లేదు. దరఖాస్తులు అప్పుడే వేయించిన అప్పడాల్లా ఉన్నాయి. బరువు ఉన్నట్టే తెలియదు. ఎంత తొక్కినా అలుపు లేదు. గ్రామసేవ చేసే ప్రతి మనిషి భుజం మీదా ఉండవలసిన సంచి ఇది. ఇది ఉంటే వానాకాలం ఒక కాలమే కాదు.

చౌరస్తా సంచి మాట నేనెందుకు ఎత్తానో నాకే తెలియదు. మరచిపోండి. శ్రావణం రాబోతున్నది. మంచిరోజు చూడండి.

మీ సంతోషించిన అల్లుడు,
సారంగపాణి.

తా.క. ఈ ఉత్తరాన్ని అదే సంచిలో పెట్టుకొని పోస్టు డబ్బా దాకా తీసుకుపోయాను. అక్కడక్కడ అక్షరాలు అలుక్కుపోయి ఉంటే అవి ఆనందబాష్పాలు.


కొత్తవాడ,
2 ఆగస్టు 1962.

బంగారం లాంటి అల్లుడు సారంగపాణి గారికి మామ వెంకట్రాజం కడుపునిండ దీవించి రాయించేది.

మీ ఉత్తరం దుకాణంల అద్దం కట్టిచ్చి పెట్టిన. ఇసొంటి మాట నా జన్మల ఎవ్వరు అనలె. మా అయ్య గూడ నా నేతను మెచ్చుకోలె. మూడు పూటలు చదివిచ్చుకున్న.

ఇగ వినుండ్రి, సంతోషమైన ముచ్చట. మీ పంచాయితీ సమితి ప్రెసిడెంటు గారు సమితి హాలుకు జంపఖానాలు కావాలని మా దుకాణానికి వచ్చిండు. అద్దంల మీ ఉత్తరం చూసిండు. "ఇది మా గ్రామసేవకే గదా" అన్నడు. అవునని చెప్పిన. సమితిల ఉన్న గ్రామసేవకులందరికి ఒక్కొక్కటి కావాలన్నడు. సంచి చూపిస్త అంటే, "ఉత్తరం చూసిన గదా, సంచి ఎందుకు" అన్నడు. పెద్దమనిషి. నర్సంపేట దిక్కు సమితోళ్ళు గూడ అడుగుతాండ్రు. మీ మాటలు పెట్టి నోటీసులు అచ్చేయిచ్చిన. పైన మీ పేరు, కింద నా పేరు, నడుమ 'ఇది ఉంటే వానాకాలం ఒక కాలమే కాదు'. మా గల్లీల మగ్గాలన్నీ సంచులే నేస్తానయి. పోశయ్య గూడ మైనం కాగబెట్టుతాండు.

పున్నమికి ముందటి ఆదివారం దివ్యంగున్నది. కళావతిని తీసుకొని మీ అత్త వస్తది. సామాను కట్టుడు షురువైంది.

మీ మామ,
వెంకట్రాజం.

తా.క. ప్రతి ఉత్తరం కింద రెండు ముక్కలు రాసుకునేది మా బిడ్డ. ఇయ్యాల రాయనన్నది. ఇది గూడ నేను చెప్తెనే రాస్తాంది. ఊరు విడిచి పోతాన అని దిగులు కావచ్చు.


మరిపెడ,
8 ఆగస్టు 1962.

మామగారికి అల్లుడు నమస్కరించి వ్రాయునది. క్షేమం. అంటే, ప్రాణంతో ఉన్నాను.

సంచులు వచ్చాయి. ప్రెసిడెంటు గారు సభ పెట్టి, దండలు వేసి, గ్రామసేవకులందరికీ పంచారు. వందన సమర్పణ నాతో చేయించారు. మరునాటి నుంచి ముసురు. మీ సంచుల గురించి ఇక్కడ మాట్లాడుకోని వారు లేరు. మీ పేరు, నా పేరు ప్రతి నోటా ఉన్నాయి. ఆఫీసు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తాళ్ళు కట్టి సమితి కాగితాలన్నీ ఆరేశారు. కాగితాలకు అప్పుడప్పుడు గాలి తగలడం మంచిదేనని నేనూ అన్నాను. నాతో ఎవరూ ఏమీ అనలేదు. నిన్నటి నుంచి ఎవరూ నాతో మాట్లాడటమే లేదు.

కట్టయ్య నా సైకిలు చక్రంలో గాలి ఎవరో తీసేశారని చెప్పాడు. ఎవరు అని అడిగితే, "ఎవ్వరు తియ్యలేదో అడుగున్రి సారూ, జల్ది చెప్త" అన్నాడు.

అవన్నీ ఉద్యోగంలో ఉండేవే. మీరు మాత్రం ఆదివారం మాట తప్పవద్దు. పొద్దుటి నుంచి బస్సుల దగ్గరే నిలబడి ఉంటాను.

మీ అల్లుడు,
సారంగపాణి.

తా.క. నర్సంపేట సంచులు జర ఆలస్యమైనా ఏమీ కాదు. వానలు తగ్గాక పంపితే మరీ మంచిది. సంక్రాంతి దాటాకనైతే అసలు ఏ చింతా ఉండదు.


కొత్తవాడ,
10 ఆగస్టు 1962.

శ్రీవారి పాదాలకు కళావతి నమస్కరించి రాసేది.

ఈ ఉత్తరం ఎవ్వరు చెప్పంగ రాస్తలేను. నాన్న ఇంట్ల లేడు. ఇది నా ఉత్తరం, నా మాట.

మీరు సంతోషమైంది అని రాసిన ఉత్తరం విప్పంగనే మైనం వాసన కొట్టింది. సగం అక్షరాలు కారిపోయినయి. ఆ సగం నేను ఊహించి చదివిన. నాన్న కండ్లు మూసుకొని విన్నడు. చిన్నపిలగాని తీరుగ నవ్వుకుంట విన్నడు. అది అబద్ధమని నాకు అప్పుడే ఎరుక. చెప్పబోయి చెప్పలె. మీరు నా కోసమే రాసిండ్రు గదా అని నాకు ముద్దొచ్చింది. నాకు గూడ మరిపెడ రావాలనే ఉండె.

మీ ఆఖరు ఉత్తరంల కాగితాలకు గాలి తగలాలె అని చదివినంక, నర్సంపేటకు కట్టిన మూటల నుంచి ఒక సంచి తీసి, లోపల నా పెండ్లి పత్రిక పెట్టి, భుజానికేసుకొని వానల నిలబడ్డ. గల్లీ అంత చూసింది. అమ్మ తిట్టింది. నేను కదలలె. తీసి చూస్తే మీ పేరు కారి నా పేరు మీదికి వచ్చింది. ఆ పత్రిక తీస్కపోయి నాన్న చేతుల పెట్టిన.

నాన్న అన్నం తినలె. "మన ఇంటి పేరు మీద పోయినయి బిడ్డా, మనమే తెచ్చుకోవాలె" అన్నడు. అద్దంల నుంచి మీ ఉత్తరం తీసి పెట్టెల పెట్టిండు. తెల్లారి నర్సంపేటకు పోయిండు, సంచులు పంపలేనని చెప్పి అక్కడ మాటిచ్చినోళ్ళందరి కాళ్ళు పట్టుకుంటనని. మీకు ఒక సంచి గురించి అబద్ధం చెప్పుడు తేల్కగనే అనిపిచ్చి ఉంటది. నాన్నకు ఉన్నది ఆ నేత ఒక్కటే. మీ బి.డి.ఓ. మిమ్ముల తిడితే మీకు ఎంత కష్టమనిపిచ్చిందో, ఇయ్యాల నాన్నను ఊరూరా అంతకంటె ఎక్కువ తిడుతాండ్రు. తిట్టిచ్చింది మీరు.

గందుకే ఆదివారం నేను వస్తలేను. సామాను విప్పిన. ఎవ్వరు ఆపలె, నాన్న పొమ్మనే అన్నడు. నేనే పోను అన్న. మీకు అలగ రాదు అని రాసిండ్రు గదా. నాకు వస్తది. నేను అలిగిన.

నన్ను పంపుటానికి మీరు రాసిచ్చినట్టే, ఇప్పుడు నేను పోవాలంటే గూడ మీరే రాసియ్యాలె. ఆ సంచులు కారుతయి, నేను అబద్ధం రాసిన అని ప్రెసిడెంటు గారికి మీ చేత్తోని రాసియ్యండ్రి. మీ తోటి గ్రామసేవకుల ఇండ్లకు పోయి ఒక్కొక్కరి దగ్గర సంచి తీసుకోండ్రి. తిడితే పడుండ్రి. అన్ని సంచులు సైకిలుకు కట్టుకొని కొత్తవాడకు రాండ్రి. ఉద్యోగం పోతదేమో అని భయపడకుండ్రి. ఏటూరునాగారమైనా నేను వస్త. అడవైతేంది, అక్కడ గూడ మనుషులు అన్నమే తింటరు.

చౌరస్తాల నల్లసంచి నేను కొన్న. మీరు ఎక్కడికో పోయి కష్టపడొద్దని కొన్న. ఇంటికి తెచ్చినంక దాని కుట్టు ఎట్లున్నదో చూద్దామని విప్పిన. మూత లోపలి నుంచి రెండు మడతలుంటది, కుట్టు మీద సన్న రబ్బరు పట్టీ ఉంటది. ఇప్పుడు నాకు సమజైంది. నాన్న వచ్చినంక ఇట్లనే కుడుదాం, నెమళ్ళు లేకుండ. కాని విప్పిన సంచి మళ్ళ కుట్టరాలె. మీరు ఇంకొన్ని దినాలు తడవాలె.

మీ,
కళావతి.

తా.క. శ్రావణమొచ్చింది, మా గడప తొక్కొచ్చు. దారిల వాన పడితే ఎక్కడ ఆగకుండ్రి. ఆ సంచులన్నీ తడిస్తే ఎంత బరువుంటయో మీకు తెల్వాలె. వేడినీళ్ళు పెట్టి ఉంచుత.